అమ్మానాన్నలతో ఒక రోజు, ఒకే ఊరు

సందేహం: మ్యూనిక్ వచ్చి మూడు నెలలైంది. వచ్చే నెల రాజమండ్రి నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు. శని, ఆదివారాల్లో వాళ్లకు ప్రాగ్, సాల్జ్‌బర్గ్, వియన్నా చూపించాలనుకుంటున్నాం. నాన్నగారు రిటైరైన చరిత్ర మాస్టారు, మోకాళ్ల నొప్పులున్నాయి. బాబుకు నాలుగేళ్లు. మాకు కారు లేదు. ఇక్కడి రైలు టికెట్ల లెక్క అంతుపట్టడం లేదు. ఎలా వెళ్లమంటారు?

జవాబు: రెండు రోజుల్లో మూడు నగరాలు తిప్పితే మీ అమ్మానాన్నలకు గుర్తుండేవి మూడు రైల్వే స్టేషన్లు. ఇది అనుభవంతో చెబుతున్న మాట. పంతొమ్మిదేళ్ల కిందట మా అత్తమామలు వచ్చినప్పుడు మూడు రోజుల్లో నాలుగు ఊళ్లు తిప్పాను. లక్షలు ఖర్చుపెట్టి తిప్పితే, ఇంటికి వెళ్లాక మా మామగారు ఊరందరికీ చెప్పిన విశేషం ఒక్కటే: అక్కడ మరుగుదొడ్డికి వెళ్లాలన్నా డబ్బులు తీసుకుంటారట!

అందుకని మొదటి శనివారం రేగెన్స్‌బుర్గ్‌కు వెళ్లండి. ఆ రోజుకు అదొక్కటే. మ్యూనిక్ నుంచి మామూలు ప్రాంతీయ రైల్లో గంటన్నర. స్టేషన్ బయటికొచ్చి ఎదురుగా ఉన్న మాక్సిమిలియన్ వీధి పట్టుకుని నేరుగా నడిస్తే పావుగంటలో పాత ఊరి నడిబొడ్డున ఉంటారు. పాత ఊరంతటినీ యునెస్కో 2006లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో చాలా జర్మన్ నగరాలు నేలమట్టమైపోతే, ఇక్కడి పాత ఊరు చాలావరకు నిలిచింది. మిగతా చోట్ల చూసేది తిరిగి కట్టిన పాతదనం. ఇక్కడ చూసేది అసలుది. చరిత్ర మాస్టారికి ఆ తేడా చెప్పనక్కర్లేదు.

ఇక టికెట్లు. మన రైళ్లలా వెయిటింగ్ లిస్టు, ఆర్ఏసీ అనే గొడవలు ప్రాంతీయ రైళ్లలో ఉండవు. మామూలుగా సీటు రిజర్వేషన్ ఉండదు, ఎక్కి ఖాళీ ఉన్నచోట కూర్చోవడమే. అందుకే శనివారం ఉదయం కాస్త ముందుగా ప్లాట్‌ఫారం చేరండి. మీ ఇద్దరి దగ్గరా డాయిచ్‌లాండ్ టికెట్ ఉండే ఉంటుంది. 2023 మేలో 49 యూరోలతో మొదలై, 2026 జనవరి నుంచి నెలకు 63 అయింది. దానితో దేశమంతా ప్రాంతీయ రైళ్లు, మెట్రోలు, ట్రాములు, బస్సులు ఎక్కవచ్చు. ఐసీఈ, ఐసీ లాంటి వేగపు రైళ్లకు మాత్రం చెల్లదు. పైగా అది ఎవరి పేరున ఉంటే వారికే. మీది నాన్నగారికిచ్చి పంపించడం కుదరదు.

అమ్మానాన్నల కోసం ఆ రోజుకు బాయెర్న్ టికెట్ (బాయెర్న్ అంటే మ్యూనిక్ ఉన్న బవేరియా రాష్ట్రం) ఒకటి కొనండి, ఇద్దరూ అదే టికెట్ మీద వెళ్లవచ్చు. ఒకే టికెట్ మీద ఐదుగురి దాకా ప్రయాణించవచ్చు, మనిషి పెరిగేకొద్దీ కొంత కలుస్తుంది. మామూలు రోజుల్లో ఉదయం తొమ్మిది తర్వాతే చెల్లుతుంది. శని, ఆదివారాల్లో అర్ధరాత్రి నుంచే మొదలై మర్నాడు తెల్లవారుజామున మూడింటిదాకా పనిచేస్తుంది. మ్యూనిక్ మెట్రోకూ, రేగెన్స్‌బుర్గ్ సిటీ బస్సులకూ అదే చాలు. ప్రయాణికుల పేర్లు రాయడం మరచిపోవద్దు. బాబుకు ఆరేళ్లు నిండలేదు కాబట్టి టికెట్ అక్కర్లేదు. వాళ్లు నెలంతా ఉండి తరచూ తిరిగేలా ఉంటే చెరొక డాయిచ్‌లాండ్ టికెట్ తీసుకోవడమే లాభం. అయితే అది నెలనెలా సాగే చందా. ఆ నెల 10వ తేదీలోగా రద్దు చేయకపోతే తర్వాతి నెల డబ్బులూ పోతాయి. పెద్దవాళ్లు రాజమండ్రి చేరి ఆవకాయ పెట్టుకుంటుంటే ఇక్కడ వాళ్ల పేరున చందా కడుతూ కూర్చున్న ఇళ్లు నాకు తెలుసు.

ఇక్కడి స్టేషన్లలో టికెట్ చూపించి లోపలికి వెళ్లే గేట్లు ఉండవు. గేటు లేదు కదా అని టికెట్ లేకుండా ఎక్కకండి, రైల్లో తనిఖీకి వస్తే 60 యూరోలు జరిమానా. ‘కొత్తగా వచ్చాం, తెలియదు’ అంటే వినరు.

అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి ఒకటుంది. బవేరియాలో చాలా రైళ్లు దారిలో విడిపోతాయి. మన లింక్ ఎక్స్‌ప్రెస్‌ల మాదిరిగా ముందు సగం ఒక ఊరికి, వెనక సగం ఇంకో ఊరికి వెళతాయి. నేను వచ్చిన మొదటి వేసవిలో టెగెర్న్‌సే సరస్సుకు బయల్దేరి, కిటికీ పక్కన సీటు దొరికిందన్న సంతోషంలో బోర్డు చూడలేదు. హోల్ట్స్‌కిర్‌ఖెన్‌లో రైలు ముక్కలైంది. నేను కూర్చున్న ముక్క కొండల్లోని బాయ్‌రిష్‌త్సెల్ దారి పట్టింది. ఆ రోజు చూసిన ఊరు కూడా అందంగానే ఉంది, కానీ సరస్సు దగ్గర నాకోసం నలుగురు స్నేహితులు ఇడ్లీల డబ్బాతో ఎదురుచూస్తున్నారు. మ్యూనిక్ నుంచి రేగెన్స్‌బుర్గ్ మీదుగా పైకి వెళ్లే రైళ్లు కొన్ని శ్వాండోర్ఫ్‌లో విడిపోయి ఒక భాగం ప్రాగ్ వైపు, ఒక భాగం హోఫ్ వైపు వెళతాయి. అది మీరు దిగే రేగెన్స్‌బుర్గ్ దాటాక సంగతి కాబట్టి ఈసారికి చింత లేదు. అయినా పెట్టె తలుపు పక్కనున్న ఊరి పేరు చదవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోండి.

ఊళ్లోకి వద్దాం. మాక్సిమిలియన్ వీధి చివరికి వెళ్లేలోపు కుడివైపు డాహౌప్లాట్జ్ దగ్గర కార్ల పార్కింగ్ భవనం ఉంటుంది. కారు లేకపోయినా అందులోకి వెళ్లండి. లోపల, కార్ల పక్కనే, రోమన్ సైనిక శిబిరపు గోడ నిలబడి ఉంటుంది. ఒక్కొక్క రాయి మన ఇంటి బీరువా అంత. ఆ శిబిరాన్ని మార్కస్ ఆరీలియస్ చక్రవర్తి కాలంలో, 179లో కట్టారు. మన దగ్గర శాతవాహనులు ఏలుతున్న రోజులవి. ఈ ఊళ్లో నాకు బాగా నచ్చిన చోటు అదే. టికెట్ లేదు, గైడు లేడు, జనం కార్లు పెట్టుకుని వెళ్లిపోతుంటారు. ఆ శిబిరపు ఉత్తర ద్వారం, పోర్టా ప్రెటోరియా, కెథీడ్రల్ అనే పెద్ద చర్చి వెనక వీధిలో ఒక తెల్లటి భవనం గోడలో ఇమిడిపోయి ఇప్పటికీ కనిపిస్తుంది.

అక్కడి నుంచి నోయ్‌ఫార్‌ప్లాట్జ్ చౌరస్తాకు రండి. మధ్యలో తెల్లరాతి దిమ్మెలు కొన్ని ఉంటాయి. పిల్లలు వాటిమీద గెంతుతుంటారు, పెద్దలు కూర్చుని ఐస్‌క్రీం తింటుంటారు. కూర్చోండి, తప్పులేదు. అయితే అది ఏమిటో నాన్నగారికి చెప్పండి. అది యూదుల పేట ఉన్న చోటు. 1519లో మాక్సిమిలియన్ చక్రవర్తి చనిపోయాడన్న వార్త రాగానే నగర సభ వాళ్లను వెళ్లగొట్టి, ప్రార్థనా మందిరాన్ని కూల్చివేయించింది. ఆ సభలో సభ్యుడైన చిత్రకారుడు ఆల్ట్‌డోర్ఫర్, కూల్చకముందు ఆ మందిరం లోపలి రూపాన్ని లోహపు రేకు మీద చెక్కి పెట్టాడు. కూల్చినవాళ్లలో ఒకడు బొమ్మ మిగిల్చాడన్నమాట. 1990లలో తవ్వకాల్లో పునాదులు బయటపడ్డాక, డానీ కరవాన్ అనే ఇజ్రాయెల్ శిల్పి ఆ మందిరం నేలపటాన్నే తెల్లరాతిలో పరిచాడు.

కెథీడ్రల్ లోపల రంగు గాజుల కిటికీలు ఎవరైనా చూపిస్తారు. మీరు దేవదూత విగ్రహం వెతకండి, నిజంగానే నవ్వుతుంటాడు. పదమూడో శతాబ్దపు శిల్పి అంత విశాలమైన నవ్వు చెక్కడం నేను మరోచోట చూడలేదు.

రాతి వంతెన దగ్గర మాత్రం తొందరపడకండి. 1135 నుంచి 1146 దాకా కట్టారు. దాదాపు ఎనిమిది వందల ఏళ్లు ఈ ఊళ్లో డాన్యూబ్ నది దాటడానికి అదొక్కటే వంతెన. ఇప్పుడు దానిమీద కార్లు లేవు, నడిచేవాళ్లు, సైకిళ్లు మాత్రమే. గోదావరి మీద హేవ్‌లాక్ వంతెన చూస్తూ పెరిగిన మీ నాన్నగారు ఇక్కడ ఓ గంట నిలబడిపోతారు. మధ్యలో గోడమీద కూర్చుని, చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుని కెథీడ్రల్ వైపు చూస్తున్న చిన్న విగ్రహం ఉంటుంది. వంతెన మేస్త్రీ, కెథీడ్రల్ మేస్త్రీ ఎవరు ముందు పూర్తిచేస్తారో చూద్దామని పందెం కాశారట. వంతెన మేస్త్రీ దయ్యం సాయం అడిగి, వంతెన దాటే మొదటి మూడు ప్రాణాలు ఇస్తానన్నాడట. తీరా పూర్తయ్యాక మనుషుల్ని కాకుండా ఒక కుక్కను, ఒక కోడిని, ఒక పుంజును తోలాడట. మాస్టారు ఊరుకోరు కాబట్టి ముందే చెబుతున్నాను: వంతెన పూర్తయిన నూరేళ్లకు పైగా గడిచాకగాని ఈ కెథీడ్రల్ మొదలే కాలేదు.

ఓపిక ఉంటే పాత నగర సభా భవనం చూడండి. 1663 నుంచి 1806 దాకా జర్మన్ సామ్రాజ్య సభ చాలావరకు అక్కడే సాగింది. లోపలికి గైడుతోనే పంపుతారు, మెట్లున్నాయి, నాన్నగారి మోకాళ్లను అడిగి నిర్ణయించుకోండి. అంతకుముందు ఇదే ఊళ్లో జరిగిన ఇంకో సభ వల్లే కెప్లర్ కథ కూడా ఈ ఊరికి చేరింది. గ్రహాల కదలికల సూత్రాలు కనుక్కున్న ఆ మనిషి, 1630లో చక్రవర్తి తనకు ఇవ్వాల్సిన జీతం బకాయిలు అడగడానికి గుర్రం మీద ఇక్కడికి వచ్చి, జబ్బుపడి, నవంబరు 15న కన్నుమూశాడు. ఆయన చనిపోయిన ఇల్లున్న వీధికి ఇప్పుడు ఆయన పేరే. సమాధి ముప్పై ఏళ్ల యుద్ధంలో పోయింది, బకాయి రానే లేదు.

తిండి సంగతి. వంతెన పక్కన పాత సాసేజ్ దుకాణం ఉంది, గోడమీద వరదలు ఎంత ఎత్తుకు వచ్చాయో గుర్తులుంటాయి. అక్కడిది పంది మాంసం, పక్కన పెట్టే ఆవముద్ద తియ్యగా ఉంటుంది. మీరు తినకపోతే జున్ను కలిపిన పిండివంటకం ‘కేజ్‌ష్పెట్స్‌లే’ అడగండి, ఉప్పు ఎక్కువైనా కడుపు నిండుతుంది. అమ్మగారు ఉదయం పులిహోర కలిపి తెస్తానంటే వద్దనకండి. రైల్లో హాయిగా తినవచ్చు, ఎవరూ ఏమీ అనరు. పెరుగన్నం డబ్బా మూత మాత్రం గట్టిగా ఉందో లేదో చూసుకోండి. ఆదివారం దుకాణాలు మూసి ఉంటాయి, శనివారం చెప్పడానికి అదీ ఒక కారణం.

పాత వీధులన్నీ రాళ్లు పరిచినవి. చెప్పులు వద్దు, మెత్తటి అడుగున్న బూట్లు వేయించండి. సాయంత్రం నాన్నగారు నడవలేనంటే స్టేషన్ దాకా బస్సెక్కండి, టికెట్ మీ దగ్గరే ఉంది. రైలెక్కేముందు స్టేషన్‌లో మరుగుదొడ్డికి వెళ్లాలంటే చిల్లర నాణేలు జేబులో ఉంచుకోండి. లేదా కాస్త ఆగమనండి, రైల్లోది ఉచితం.