బండి ఎక్కడ పెట్టాలి? పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన నెల ఇంటి ప్లాన్ల గురించి రాసిన తర్వాత వచ్చిన ఉత్తరాలు చూస్తే చాలావాటిలో గొడవ ఒక్కటే, బండి. ఎదురింటాయన కారు, పక్కింటాయన టెంపో, అపార్ట్‌మెంట్ కింద పార్కింగ్‌లో ఎవరో కట్టేసుకున్న గది. తిరుపతిలో, చిత్తూరులో పాత వీధుల వెడల్పు అంతే ఉంది, ఇంటికి రెండు మూడు బండ్లు వచ్చేశాయి. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాం. ఒకే రకం ప్రశ్నలను కలిపి ఒకటిగా వేస్తున్నాం.

ప్రశ్న: సార్, మాది బైరాగిపట్టెడలో ఇరవై అడుగుల రోడ్డు. పక్కింటాయన ట్రావెల్స్ నడుపుతాడు. రెండు టెంపో ట్రావెలర్లు, ఒక కారు ఉన్నాయి. తెల్లవారుజామున యాత్రికులను ఎక్కించుకుని కాణిపాకం, శ్రీకాళహస్తి పోతాడు, మిగతా టైమంతా బండ్లు మా గేటు ముందరే. అడిగితే 'రోడ్డు గవర్నమెంటుది, నీ సొత్తా?' అంటాడు. మా నాన్నకు గుండె జబ్బు. రాత్రిపూట ఆంబులెన్స్ పిలవాల్సి వస్తే ఎట్లా అని ఒకటే టెన్షన్. (ఒక పాఠకురాలు, తిరుపతి)

అమ్మా, రోడ్డు మీది కాదన్న మాట నిజమే. ఆయనది కూడా కాదు. అది కార్పొరేషన్‌ది, అందరూ నడవడానికి, బండ్లు పోవడానికి ఉన్నది. మీ గేటు ముందు జాగా మీ సొంతం కాకపోయినా, గేటులోంచి బయటికి రావడం, లోపలికి పోవడం మాత్రం మీ హక్కు. 2017లో వచ్చిన మోటార్ వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఇంటి ప్రవేశ ద్వారానికి అడ్డంగా బండి పెట్టకూడదని ఉంది, ఫుట్‌పాత్ మీద పెట్టకూడదనీ ఉంది. కాబట్టి ఆయన బండి గేటుకు అడ్డం నిలబడిన క్షణం నుంచే అది తప్పు. దానికి వేరే 'నో పార్కింగ్' బోర్డు ఉండాల్సిన పని లేదు.

మీ వీధినే ఒకసారి టేపు పెట్టి కొలిచి చూడండి. ఇరవై అడుగుల్లో రెండు పక్కలా కాలువలు, అరుగులు పోతే పదహారు అడుగులు మిగిలితే గొప్ప. ఒక టెంపో ట్రావెలర్ వెడల్పు దాదాపు ఆరున్నర అడుగులు. ఒక పక్క అది, ఎదురుగా ఇంకొకటి నిలబడితే మధ్యలో మిగిలేది మూడు అడుగులు, స్కూటర్ కూడా అద్దం తగలకుండా పోదు, ఇంక ఆంబులెన్స్ గానీ ఫైరింజన్ గానీ వీధి మొదట్లోనే ఆగిపోతుంది. మీ నాన్నగారి సంగతి సరే, ఆ ట్రావెల్స్ ఆయన ఇంట్లో గ్యాస్ అంటుకున్నా ఫైరింజన్ రాలేదు. ఈ లెక్క కాగితం మీద గీసి ఆయనకు చూపించండి. బండ్లే ఆయన కూడు, వాటి మీద పగబట్టి మాట్లాడితే మాట పెరుగుతుంది. వీధిలో ఆయన మాట వినే పెద్దమనిషిని ఒకరిని వెంటబెట్టుకుని, రెండు బండ్లూ ఒకే పక్కన, గేట్లు వదిలి పెట్టమని అడగండి. ఊరి బయట ఖాళీ ప్లాట్లు నెలవారీ అద్దెకు దొరుకుతాయి, ట్రావెల్స్ నడిపేవాళ్లు కొందరు అట్లాగే చేస్తున్నారు, ఆ సంగతీ ఆయనతో అనండి.

వినకపోతే అప్పుడు కాగితం. బండి నంబరు, మీ గేటు రెండూ ఒకే ఫొటోలో పడేట్టు, వేరువేరు రోజుల్లో తీసిపెట్టుకోండి. ఆ ఫొటోలతో ట్రాఫిక్ పోలీసులకు అర్జీ ఇవ్వండి. మోటార్ వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండిని, లేదా పబ్లిక్ స్థలంలో పది గంటలకు మించి వదిలేసిన బండిని, యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి టోయింగ్ చేయించవచ్చు, చక్రం కదలకుండా క్లాంప్ (ఇనుప బిగింపు) వేయించవచ్చు. ఆ ఖర్చు బండి యజమానిదే. దారికి అడ్డం కలిగించినందుకు భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు, పాత ఐపీసీలో ఇది 200 రూపాయలే. అప్పటికప్పుడు ప్రాణం మీదికి వస్తే మాత్రం అర్జీలు, ఫొటోలు అని ఆలోచించకండి, నేరుగా 112కు ఫోన్ చేయండి.

ఇంకో దారి కూడా ఉంది. మాస్టర్ ప్లాన్‌లో మీ ఏరియా నివాస జోన్ అయితే, అక్కడ ఇల్లు ఇంటిలాగే వాడాలి. యజమాని తన కారు ఇంట్లో పెట్టుకోవడం వేరు, ఇంటినే ట్రావెల్స్ షెడ్డు చేసి బండ్లు కడగడం, రిపేర్లు చేయడం, యాత్రికులను అక్కడే ఎక్కించుకోవడం వేరు. ఈ రెండోది మీ వార్డు సచివాలయంలో ప్లానింగ్ సెక్రటరీకి రాసివ్వాల్సిన విషయం. అర్జీ ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి, రసీదు లేకుంటే రేపు 'మీరు ఇవ్వలేదు' అంటారు. అక్కడా కదలకపోతే సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఇవ్వండి. దారి అడ్డు తీయించమని ఆర్డీవో దగ్గరికి పోవడానికి కూడా చట్టం వీలిస్తుంది, అది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 152వ సెక్షన్.

తెల్లవారుజామున హారన్ల గురించి మీ ఉత్తరం చివర రాశారు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా నివాస ప్రాంతాల్లో హారన్ కొట్టకూడదు, అత్యవసరమైతే తప్ప. అదీ అర్జీలో రాయండి. కోపంలో టైరు గాలి తీయడం, అద్దం పగలగొట్టడం మాత్రం వద్దు, కేసు మీ మీదకు తిరుగుతుంది.

ప్రశ్న: ఎం.ఆర్.పల్లిలో అపార్ట్‌మెంట్. కింద స్టిల్ట్‌లో (బండ్లకోసం పిల్లర్ల మధ్య వదిలిన జాగాలో) బిల్డర్ ఒక మూల గోడలు కట్టి షాపుకు అద్దెకిచ్చాడు. మిగిలిన జాగాలో ఒక్కో కారు స్లాట్ విడిగా అమ్మాడు, నాకు స్లాట్ లేదు, బండి రోడ్డు మీద పెడుతున్నా. అసోసియేషన్‌లో అడిగితే 'కొనుక్కోవాల్సింది' అంటున్నారు. (తిరుపతి పాఠకుడు)

అన్నా, మీకు కోపం రావడంలో న్యాయం ఉంది. 2017 ఆంధ్రప్రదేశ్ బిల్డింగ్ రూల్స్‌లో పార్కింగ్‌కు చూపిన జాగాను వేరే పనికి వాడితే తీసేయించే అధికారం కార్పొరేషన్‌కు ఉంది. స్టిల్ట్‌లో వాచ్‌మన్ గది, టాయిలెట్ లాంటివి కొద్ది జాగాలో ఒప్పుకుంటారు, షాపు ఒప్పుకోరు. స్టిల్ట్‌ను పార్కింగ్‌కు వదులుతానని చూపించే బిల్డర్ పర్మిషన్ తెచ్చుకున్నాడు కదా. ఆ జాగాలో షాపు కట్టడం అంటే మీ అందరి బండ్లనూ రోడ్డు మీదకు తోయడమే, ఆ రోడ్డు మీద ఇందాక రాసిన అమ్మలాంటి వాళ్ల గేట్లున్నాయి.

మొదట చేయాల్సింది మంజూరైన ప్లాన్ చూడటం. బిల్డర్ ఇచ్చిన రంగుల బ్రోచర్ కాదు, కార్పొరేషన్ ముద్ర ఉన్న ప్లాన్. అసోసియేషన్ దగ్గర లేకపోతే సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల ఫీజుతో దరఖాస్తు పెట్టండి, 30 రోజుల్లో జవాబివ్వాలి. ఆ ప్లాన్‌లో షాపు ఉన్న మూల 'పార్కింగ్' అని ఉంటే మీ పని సగం అయినట్టే.

స్లాట్లు అమ్మడం గురించి చాలామంది అడిగారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాం. నహల్‌చంద్ లాలూచంద్ కేసులో సుప్రీంకోర్టు 2010 ఆగస్టు 31న ఇచ్చిన తీర్పులో స్టిల్ట్ పార్కింగ్, ఓపెన్ పార్కింగ్ అనేవి ఉమ్మడి జాగాలనీ, వాటిని బిల్డర్ ఫ్లాట్ నుంచి విడదీసి అమ్మలేడనీ చెప్పింది. అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు, మన దగ్గర అక్షరం మారకుండా వర్తిస్తుందని చెప్పలేం. కానీ బిల్డర్ల అమ్మకాలను అదుపు చేసే 2016 రెరా చట్టం కూడా ఓపెన్ పార్కింగ్‌ను ఉమ్మడి స్థలాల్లోనే చేర్చింది, గ్యారేజ్ అంటే పైకప్పు, మూడు పక్కల గోడలు ఉండాలని నిర్వచించింది. మీ స్టిల్ట్‌లో పిల్లర్ల మధ్య పసుపు గీత గీసి 'గ్యారేజ్' అని అమ్మితే అది గ్యారేజ్ అయిపోదు. మీ సేల్ డీడ్‌లో పార్కింగ్ గురించి ఏం రాశారో ఆ పేరా జెరాక్స్ తీసుకుని లాయర్‌కు చూపించండి. ఉమ్మడి పార్కింగ్‌లో మీకూ వాటా ఉందని అసోసియేషన్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి. నోటిమాటగా అడిగినన్నాళ్లూ 'కొనుక్కోవాల్సింది' అనే అంటారు.

ప్రశ్న: మా నాన్న అంబాసిడర్ కొర్లగుంటలో ఇంటి ముందర రోడ్డు మీదే ఏళ్లుగా నిలబడి ఉంది. ఆయన పోయాక స్టార్ట్ చేసింది లేదు. అమ్మడానికి మనసు రాదు. వీధిలో వాళ్లు తీసేయమంటున్నారు, తీయాలా?

తీయాలి తమ్ముడూ. మనసు రాకపోవడం మాకు అర్థమవుతుంది, కానీ నడవని బండిని రోడ్డు మీద పెట్టి రాకపోకలకు అడ్డం కలిగిస్తే మోటార్ వాహనాల చట్టం 201వ సెక్షన్ కింద జరిమానా ఉంది, 2019 సవరణ తర్వాత అది 500 రూపాయల దాకా. పైగా దాని కింద చెత్త చేరుతుంది, టైర్లలో వాననీళ్లు నిలిచి దోమలు, చీపురు అక్కడికి చేరనే చేరదు.

ఉంచుకోవాలంటే కాంపౌండ్ లోపల పెట్టి కవర్ కప్పండి. లోపల పెట్టుకోడానికి ఎవరూ అడ్డం చెప్పరు, కాకపోతే సెట్‌బ్యాక్‌లో (ఇంటి చుట్టూ ఖాళీగా వదలాల్సిన జాగాలో) రేకుల షెడ్డు వేస్తే అది కట్టడం కిందికి వస్తుంది, పర్మిషన్ అడుగుతారు. ఆర్సీ ఇంకా నాన్న పేరు మీదే ఉంటే మొదట ఫారం 31తో మీ పేరుకు మార్పించుకోండి. నాన్న పోయిన 30 రోజుల్లో ఆర్టీవోకు తెలపాలి, మూడు నెలల్లో మార్పుకు దరఖాస్తు చేయాలి. గడువు దాటిపోయిందని ఊరుకోకండి, ఇప్పుడైనా చేయండి. పదిహేనేళ్లు దాటిన సొంత బండికి రిజిస్ట్రేషన్ రెన్యువల్ అయిదేళ్లకోసారి.

వదులుకోడానికి సిద్ధమైతే రోడ్డు పక్క పాత ఇనుము కొట్టుకు అమ్మకండి. నంబరు ప్లేటు, ఛాసిస్ నంబరు ఎవరి చేతిలో పడతాయో తెలియదు, రేపు ఏ కేసులోనో ఆ నంబరు తేలితే పోలీసులు మీ గుమ్మం ముందుకే వస్తారు. గుర్తింపు ఉన్న స్క్రాపింగ్ సెంటర్‌లో ఇచ్చి, సర్టిఫికెట్ ఆఫ్ డిపాజిట్ (బండి అక్కడ అప్పగించినట్టు కాగితం) తీసుకుని, ఆర్సీ రద్దు చేయించుకోండి. కేంద్ర నిబంధనల్లో ఆ సర్టిఫికెట్ మీద కొత్త సొంత బండికి 25 శాతం దాకా పన్ను రాయితీకి వీలుంది.

ప్రశ్న: మా గేటు ముందు ఎవరూ బండి పెట్టకుండా రెండు పెద్ద బండరాళ్లు, సిమెంటు కుండీలు పెట్టుకున్నాం. వార్డు వాళ్లు వచ్చి తీసేయమన్నారు. ఇది న్యాయమా?

న్యాయమే. రోడ్డు మీద ఏదైనా అడ్డంగా పెడితే కమిషనర్ నోటీసు కూడా ఇవ్వకుండా తీసేయించవచ్చు, మున్సిపల్ కార్పొరేషన్ల చట్టం అంత అధికారం ఇచ్చింది. కారు ఎక్కడానికి కాలువ మీద రోడ్డులోకి పోసే ర్యాంపులూ ఇంతే, ర్యాంపు మీ ప్లాట్ లోపలే అయిపోవాలి. ఒక ర్యాంపు కింద చెత్త ఇరుక్కుంటే వానాకాలంలో పై ఇళ్ల నీళ్లన్నీ వీధిలోకి వస్తాయి. రాత్రిపూట లైట్లు లేని వీధిలో మీ బండరాయికి బైకు తగిలి పిల్లవాడు పడితే ఎవరు జవాబు చెబుతారో ఒక్కసారి ఆలోచించండి. గేటు మీద 'దారి వదలండి' అని రాసుకోండి, చాలు.

ప్రశ్న: చిత్తూరు, మురకంబట్టు దగ్గర ఇంటి పక్కనే నాకు ఖాళీ ప్లాటు ఉంది. మామిడి సీజన్‌లో తోతాపురి లోడ్ల లారీలు పెట్టుకోడానికి అద్దెకు అడుగుతున్నారు. కొంచెం డీజిల్ కూడా డ్రమ్ముల్లో పెడతామంటున్నారు. ఇవ్వొచ్చా?

స్థలం మీదే అయినా వాడకం జోన్‌ను బట్టి ఉంటుంది. చిత్తూరు అర్బన్ డెవలప్‌మెంట్ అథారిటీలో ల్యాండ్ యూజ్ సర్టిఫికెట్ అడిగి తీసుకోండి, నివాస జోన్ అని వస్తే లారీ స్టాండు పెట్టడం కుదరదు. సీజన్ నాలుగు రోజులే కదా అనుకుంటారు గానీ, గుజ్జు ఫ్యాక్టరీ ముందు క్యూ పెరిగితే లోడు లారీ ఎన్ని రోజులు నిలబడుతుందో మీకు మాకంటే బాగా తెలుసు. రాత్రంతా ఇంజన్ చప్పుడు, కారిన మామిడి రసం, ఈగలు, పక్క ఇళ్లవాళ్లు వారానికే అర్జీ పెడతారు.

డీజిల్ సంగతి: పెట్రోలియం చట్టం ప్రకారం డీజిల్ 2,500 లీటర్ల దాకా, ఏ ఒక్క డ్రమ్ము, ట్యాంకు 1,000 లీటర్లు మించకుండా ఉంటే లైసెన్స్ అడగరు. పెట్రోల్‌కు ఆ పరిమితి 30 లీటర్లే, అదీ అమ్మకానికి కాకుండా. లైసెన్స్ అక్కర్లేదు కదా అని ఇళ్ల మధ్య డ్రమ్ములు పెట్టించకండి. బీడీ నిప్పు ఒకటి చాలు. అద్దె మీకు సీజన్ దాకానే వస్తుంది, ఆ పక్కన కాపురం ఉండేది మీరు. హైవే పక్కన వాణిజ్య జోన్‌లో జాగా చూసుకోమనండి.

ప్రశ్న: కరెంటు స్కూటర్‌ను ఇంట్లో మీటర్ మీదే చార్జింగ్ పెట్టుకోవచ్చా, కమర్షియల్ మీటర్ కావాలా?

సొంత బండికి ఇంటి మీటరే చాలు, కేంద్ర విద్యుత్ శాఖ మార్గదర్శకాల్లో ఉంది. లోడు చాలకపోతే మన కరెంటు కంపెనీ ఏపీఎస్పీడీసీఎల్‌లో పెంచుకోండి, ఎర్తింగ్ తప్పకుండా చూపించండి. మేడ మీద నుంచి వైరు వేలాడదీసి ఫుట్‌పాత్ మీదుగా రోడ్డు మీది బండికి లాగడం మాత్రం వద్దు, వానలో అది ఎవరి కాలికైనా తగలొచ్చు. బయటివాళ్ల బండ్లకు డబ్బు తీసుకుని చార్జింగ్ పెడితే అది వ్యాపారం, కనెక్షన్ కేటగిరీ మార్చుకోవాలి.