ఫోను ఎత్తవచ్చా, పెట్టేయవచ్చా?

సందేహం: ‘అతను ఫోను ఎత్తలేదు’, ‘ఆమె కోపంగా ఫోను పెట్టేసింది’ అని ఇప్పటి కథల్లోనూ రాస్తున్నారు. జేబులో పట్టే ఫోనుకు ఎత్తే రిసీవరు లేదు, తిరిగి పెట్టే చోటూ లేదు. ఈ మాటలు మార్చుకోవాలి కదా? ‘లైటు ఆర్పు’ కూడా నాకు ఇలాగే తోస్తుంది. ఆర్పడానికి అందులో మంట ఎక్కడుంది?

సమాధానం: మార్చుకోనక్కరలేదు. నిస్సంకోచంగా రాయండి.

నల్లటి బరువైన ఫోనుతో పెరిగిన తరం మాది. చిల్లులున్న చక్రంలో వేలు పెట్టి ఒక్కో అంకె తిప్పేవాళ్లం. అంకె ఎంతైతే తీగలో అన్ని విద్యుత్ స్పందనలు (పల్సులు) వెళ్లేవి, సున్నాకు మాత్రం పది; చక్రం వెనక్కి వచ్చేదాకా ఆగాల్సిందే. అందుకే సున్నాలున్న నంబరంటే విసుగు. అప్పట్లో అందరి నోటా ‘నంబరు తిప్పు’ అనే మాటే వినిపించేది. మీటల ఫోను వచ్చాక అది ‘నొక్కు’ అయింది, ‘తిప్పు’ మరుగున పడింది. అదే ఫోనుతో పుట్టిన ‘ఎత్తు’, ‘పెట్టేయి’ మాత్రం ఇంకా నిలిచే ఉన్నాయి. ఎందుకంటారు?

‘తిప్పు’ వేలు చేసే పనిని మాత్రమే చెప్పింది. ఆ పని పోగానే మాటకూ పని లేకపోయింది. ‘ఎత్తు’ అంటే పిలుపుకు పలకడమని, ‘పెట్టేయి’ అంటే సంభాషణ ముగించడమని ఎప్పుడో అర్థం స్థిరపడింది. ఆ రెండు పనులూ మనం నేటికీ చేస్తూనే ఉన్నాం. ‘లిఫ్ట్ చేయలేదు’ అంటే ఆధునికంగా ఉంటుందని కొందరి నమ్మకం. దాని అర్థమూ ఎత్తడమే కదా!

‘గంట’ను చూడండి. కాలం తెలపడానికి మోగించిన గంట పేరే అరవై నిమిషాలకు పేరయింది. అడుగున రంధ్రమున్న చిన్న పాత్ర నీటిలో మునగడాన్ని బట్టి 24 నిమిషాలను లెక్కించిన ఘటికే మన ‘గడియ’. ‘గడియారం’లో ఉన్నదీ అదే. చేతి గడియారంలో నీళ్లేవని ఎవరూ అడగరు.

లైటు సంగతీ అంతే. నూనె దీపం పోయినా వెలుగు ఉంది కనుక వెలిగించడం, ఆర్పడం దానికి వారసత్వంగా వచ్చాయి. ఫ్యానుకు ఆ వారసత్వం లేదు, కాబట్టి దాన్ని ఆపుతాం, కట్టేస్తాం.

కథలు రాసేవారికి ఒక మాట. 1970ల నాటి పాత్ర చేత నంబరు ‘నొక్కించకండి’, తిప్పించండి. ఇప్పటి కథలో ‘పెట్టేశాడు’, ‘కట్ చేశాడు’, ‘కట్ అయింది’ అనే మూడింటినీ కలగలపకండి. ‘ఉంటానండీ’ అని చెప్పి ముగించినవాడు పెట్టేసినట్టు. అవతలివారి మాట మధ్యలో తెంచినవాడు కట్ చేసినట్టు. ఎవరి ప్రమేయమూ లేకుండా, సిగ్నల్ పోయి ఆగితే కట్ అయినట్టు. మీరు చూపిన రెండో వాక్యంలో కోపం ఉంది. ఆమె చెప్పదలచింది చెప్పేసి ముగించి ఉంటే ‘పెట్టేసింది’ అనే ఉంచండి. అతను మాట్లాడుతుండగానే ఆపేసి ఉంటే ‘కట్ చేసింది’ అనడం మేలు.