రాత్రంతా లైటు వెలిగే గది

"మేడమ్ గారికి నమస్కారం. మాది నరసరావుపేట. ఎరువుల కొట్టు ఉంది. నా వయసు 48. మాకు ఒక్కడే కొడుకు, 19 ఏళ్లు, ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. ఇంటి నుంచే కాలేజీ బస్సులో వెళ్లొస్తాడు. ఏడాదిగా లైటు ఆర్పితే పడుకోడు. తెల్లవారుజామున మూడు నాలుగింటి దాకా హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, కంప్యూటర్‌కి తగిలించిన చిన్న కీబోర్డు మీద పాత ఇంగ్లీషు దెయ్యాల సినిమాల్లో వచ్చేలాంటి సంగీతం చేస్తుంటాడు. సింథ్‌వేవ్ అంటాడు. పాట ఉండదు, మాట ఉండదు, గుయ్‌మని ఒకటే మోత. చేసినవాటికి పెట్టిన పేర్లు చూస్తే రాత్రి, చీకటి, కారిడార్, ఇలాంటివే. మా ఆవిడ భయపడి వాడి గుమ్మం దగ్గర చాప వేసుకుని పడుకుంటోంది. తాయెత్తు కూడా కట్టించాం. వాడు చిన్నప్పుడూ పిరికివాడే. ఆరో తరగతిలో హాస్టల్లో చేర్పిస్తే, ఆదివారం ఫోన్ ఇచ్చినప్పుడల్లా రాత్రుళ్లు భయమేస్తోందని ఏడ్చేవాడు. మగపిల్లాడివి, ఏంటా ఏడుపని గట్టిగా చెప్పాక రెండు నెలల్లో మానుకున్నాడు. ఇప్పుడు ఈ సంగీతం వల్లే మళ్లీ భయం పట్టుకుందని నా అనుమానం. కీబోర్డు అమ్మేద్దామని ఒకాయనతో మాట్లాడాను. అమ్మేస్తే తగ్గుతుందా? సైకియాట్రిస్టుకి చూపిస్తే రేపు సంబంధాలకి ఇబ్బంది అవుతుందా? వాడు నాతో ఏమీ మాట్లాడడు. ఏదైనా వాళ్లమ్మతోనే."

మీ రెండు ప్రశ్నలూ ముందు తేల్చేద్దాం. కీబోర్డు అమ్మితే తగ్గదు. ఇక సంబంధాల మాట. పందొమ్మిదేళ్ల పిల్లాడు ఏడాదిగా సరిగ్గా నిద్రపోవడం లేదని రాస్తూ, అదే ఉత్తరంలో వాడి పెళ్లి గురించి ఎలా అడగాలనిపించిందండీ మీకు? డాక్టరు దగ్గర చెప్పుకున్నది బయటికి పొక్కకుండా 2017 నాటి మానసిక ఆరోగ్య చట్టమే రోగికి హక్కు ఇచ్చింది. మీ వీధిలో తెలిసేది డాక్టరు వల్ల కాదు, తాయెత్తు కట్టించుకోవడానికి వెళ్లినప్పుడు దారిలో కనిపించిన వాళ్ల వల్ల.

నేను మీ ఉత్తరంలో ఒక్క మాట దగ్గరే ఆగిపోయాను. "రెండు నెలల్లో మానుకున్నాడు" అని రాశారు. వాడు మానుకుంది భయపడటం కాదు, మీకు చెప్పడం. పదకొండేళ్ల పిల్లాడు వారమంతా ఎదురుచూసి, వరసలో నిలబడి, తన వంతు వచ్చాక ఫోన్లో నాన్నకి ఒక సంగతి చెప్పాడు. నాన్న అది సిగ్గుపడాల్సిన సంగతి అన్నాడు. పిల్లాడు తెలివైనవాడు కాబట్టి ఇక ఆ సంగతి ఎత్తలేదు. ఎనిమిదేళ్లు గడిచాయి. "నాతో ఏమీ మాట్లాడడు" అని మీరిప్పుడు నాకు ఫిర్యాదు చేస్తున్నారు.

ఆ పేర్లు ఇంకోసారి చదవండి. కారిడార్ అట. నరసరావుపేటలో మీ ఇంట్లో వరండా ఉంటుంది, హాలు ఉంటుంది, డాబా మెట్లు ఉంటాయి. కారిడార్ ఎక్కడ ఉంటుందో మీకు నేను చెప్పాలా?

ఉత్తరం చదివాక ఆ సింథ్‌వేవ్ ఏమిటో విందామని మా చెల్లెలి మనవణ్ని కూర్చోబెట్టి ఒక గంట వినిపించుకున్నాను. మీరన్న మోత నిజమే. కానీ ఆ మోతకి చరిత్ర ఉంది. 1970లలో, 80లలో వాడిన సింథసైజర్ల, అంటే కరెంటుతో స్వరం పుట్టించే వాద్యాల, శబ్దాన్ని, ఆ రోజుల్లో ఇంకా పుట్టని లేదా పసివాళ్లుగా ఉన్న తరం మళ్లీ పట్టుకుంది. 2000 దాటిన కొన్నేళ్లకి ఫ్రాన్స్‌లో కొందరు కుర్రాళ్లు దీన్ని గట్టిగా మొదలుపెట్టారు. వాళ్లలో కావిన్‌స్కీ అనే ఆయన చేసిన నైట్‌కాల్ 2010లో వచ్చింది. మరుసటి ఏడాది డ్రైవ్ సినిమాలో టైటిల్స్ మీద వేయడంతో లోకమంతా విన్నది. 2016లో స్ట్రేంజర్ థింగ్స్ సిరీస్ వచ్చాక మనూళ్ల పిల్లల చెవుల్లో కూడా పడింది. ఖాళీ రోడ్డు, నియాన్ దీపాలు, అర్ధరాత్రి కారు, వెనక ఎవరో వస్తున్నట్టు ఒక అనుమానం, దాదాపు అన్నింట్లోనూ ఇదే లోకం.

అది రాత్రిలా ఎందుకు వినిపిస్తుందో మా మనవడు చెబితే నాకు ముచ్చటేసింది. పాత సింథసైజర్లలో స్వరం పుట్టించే సర్క్యూట్లు వేడెక్కేకొద్దీ శ్రుతి తప్పేవట. రెండు స్వరాలు ఒక్కటిగా ఉండాల్సింది, వెంట్రుకవాసి తేడాతో పక్కపక్కన నడుస్తాయి. దాంతో శబ్దం సన్నగా వణుకుతుంది, భయపడ్డ మనిషి గొంతులాగే. ఆనాటి వాద్యకారులకి అది తలనొప్పి. ఇప్పటి పిల్లలు కంప్యూటర్లో ఏ లోపమూ లేని స్వరాన్ని తీసుకుని, దానికి ఆ వణుకు కావాలని కలుపుతున్నారు. మీవాడు కూడా తెల్లవారుజామున అదే చేస్తూ ఉంటాడు.

ఈ సంగీతానికి పెద్దదిక్కుల్లో ఒకాయన జాన్ కార్పెంటర్. 1978లో హాలోవీన్ అనే భయం సినిమా తీశాడు, సంగీతం కూడా తనే చేసుకున్నాడు. సంగీతం వేయకముందు ఒక పెద్ద సంస్థ అధికారిణికి సినిమా చూపిస్తే ఆవిడకి భయమే వేయలేదట. సరే, సంగీతంతో కాపాడుకుందాం అని కూర్చున్నాడు. అందులో అసలు బాణీ అయిదు లెక్కలో నడుస్తుంది. మన ఖండచాపు తాళమూ అయిదే కానీ ఇతనిది, ఒక్కో లెక్కని రెండు సగాలు చేస్తే వచ్చే పదిలో, మూడు, మూడు, రెండు, రెండుగా విరుగుతుంది. నాలుగు లెక్కకి అలవాటుపడ్డ కాలు పడాల్సిన చోట పడదు, మెట్లు దిగుతూ ఒక మెట్టు తప్పినట్టు ఉంటుంది.

ఆ అయిదు లెక్క ఆయనకి ఎవరు నేర్పారో తెలుసా? వాళ్ల నాన్న. ఆయన సంగీతం ప్రొఫెసర్. కొడుకు చిన్నప్పుడు బోంగో డ్రమ్స్ ఇచ్చి, పక్కన కూర్చుని ఆ తాళం వేయించాడు. అంటే లోకాన్నంతా హడలగొట్టిన ఆ బాణీ అడుగున ఉన్నది ఒక తండ్రి కొడుకు పక్కన కూర్చున్న సాయంత్రం. ఇది మిమ్మల్ని దెప్పడానికి చెప్పడం లేదు. కొంచెం దెప్పడానికే చెబుతున్నాను అనుకున్నా ఫర్వాలేదు.

ఇప్పుడు భయం సంగతి. "పిరికివాడు" అన్న మాట ముందు నోట్లోంచి తీసేయండి. 1997లో అమెరికాలో పరిశోధకులు మనుషులకి వెలుతురులోనూ చీకట్లోనూ ఉన్నట్టుండి పెద్ద శబ్దం వినిపించి, ఎంత ఉలిక్కిపడుతున్నారో కొలిచారు. చీకట్లో ఎక్కువ. అదే ఏడాది ఎలుకల మీద చేసిన మరో ప్రయోగంలో ఇది తిరగబడింది, వాటికి వెలుతురులోనే ఉలికిపాటు ఎక్కువ. పగటి పూట తిరిగే ప్రాణికి రాత్రి ప్రమాదం, రాత్రి తిరిగే ప్రాణికి పగలు ప్రమాదం. ఇది ఒంట్లో ఉన్న ఏర్పాటు. మగపిల్లాడికి ఒకటి, ఆడపిల్లకి ఒకటి వేరేగా ఉండదు.

మామూలుగా పిల్లలకి ఈ భయం వయసుతో పాటు సడలుతుంది. సడలకుండా పట్టి ఉంచేది తప్పించుకునే అలవాటు. లైటు వేస్తాడు, గుండెదడ తగ్గుతుంది, "లైటు ఉంది కాబట్టి బతికాను" అని మెదడు లెక్క రాసుకుంటుంది. మర్నాడు ఆ లెక్క ఇంకాస్త గట్టిపడుతుంది. పైగా రాత్రంతా వెలుతురులో ఉంటే నిద్రకి సాయపడే మెలటోనిన్ సరిగా విడుదల కాదు. నిద్ర లేకపోతే భయం పెరుగుతుంది. మీవాడు ఈ గుంజాటనలోనే తిరుగుతున్నాడు.

మరి సంగీతం? అక్కడ మీవాడు నాకు తెలివైనవాడిగా కనిపిస్తున్నాడు. ఏ భయమైతే వాణ్ని పట్టుకుని కదలనివ్వడం లేదో, దానికి ఒక వాల్యూమ్ బటన్, ఒక స్టాప్ బటన్ పెట్టుకున్నాడు. కొంచెం కొంచెంగా ఎదుర్కోవడం మందు అని మనస్తత్వ శాస్త్రం కూడా అంటుంది. 1924లో మేరీ కవర్ జోన్స్ అనే ఆవిడ, కుందేలంటే హడలిపోయే చిన్న పిల్లాడికి ఇష్టమైన తిండి పెడుతూ, కుందేలుని రోజుకి కాస్త దగ్గరగా తెచ్చి, చివరికి వాడే దాన్ని నిమిరేలా చేసింది. మీవాడు ఆ కుందేలుని గదిలోకి తనే తెచ్చుకున్నాడు. ఒక్కటే లోటు. లైటు వేసుకుని, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని చేస్తున్నాడు. చెవులు మూసుకుంటే ఇంట్లో రాత్రి చప్పుళ్లు ఏవీ వినిపించవు, ఫ్యాను, పక్కింటి కుక్క, మీ గురక. చీకటిని సంగీతంలో ఎదుర్కొంటూ, గదిలో మాత్రం దాక్కుంటున్నాడు.

మా చిన్నప్పుడు తెనాలి దగ్గర పల్లెలో దొడ్డి దూరంగా ఉండేది, చింతచెట్టు దాటి వెళ్లాలి. రాత్రిపూట నాకు ప్రాణం పోయేది. మా నాన్న "భయం లేదు వెళ్లు" అని ఒక్కసారి కూడా అనలేదు. లేచి వచ్చి వాకిట్లో నిలబడేవాడు. నేను కనిపించనంత దూరం వెళ్లాక ఖంగుమని దగ్గేవాడు. కాసేపటికి మళ్లీ దగ్గేవాడు. పెళ్లై వచ్చేదాకా ఆయనకి దగ్గు జబ్బు ఉందనే అనుకున్నాను. తర్వాత చదువుకునేటప్పుడు మనోవిశ్లేషణకి ఆద్యుడైన ఫ్రాయిడ్ 1905లో రాసిన ఒక ముచ్చట కంటపడితే మా నాన్నే గుర్తొచ్చాడు. మూడేళ్ల పిల్లాడు చీకటి గదిలోంచి, భయంగా ఉంది, నాతో మాట్లాడు అని పిన్నిని పిలుస్తాడు. మాట్లాడితే ఏం లాభం, నేను నీకు కనపడను కదా అంటుంది ఆవిడ. ఎవరైనా మాట్లాడితే వెలుతురొస్తుంది అంటాడు వాడు. ఫ్రాయిడ్ చెప్పినవన్నీ నేను ఒప్పుకోను, చాలావాటికి తల అడ్డంగా ఊపుతాను. ఇది మాత్రం ఆయన చెప్పింది కాదు, పిల్లాడు చెప్పింది.

మీ ఇంట్లో ఏడాదిగా ఆ వెలుతురు పని మీ ఆవిడ చేస్తోంది, గచ్చు మీద చాప వేసుకుని. ఆవిడ నడుము సంగతి మీరు రాయలేదు. మీ ఇద్దరి మధ్యా మాటలు మోసేది కూడా ఆవిడే. "నాన్నకి చెప్పమ్మా", "వాడికి చెప్పు" అంటూ. తండ్రి అంటే ఫీజు కట్టేవాడు, తల్లి అంటే మిగతాదంతా అన్న ఏర్పాటు నాకు ఎప్పుడూ నచ్చలేదు, ఈ శీర్షిక చదివేవాళ్లకి అది కొత్త కాదు. ఈ రాత్రి నుంచి ఆవిణ్ని మంచం మీద పడుకోమనండి. మీరు గదిలోకి వెళ్లండి.

గుమ్మం దగ్గరే నిలబడి ప్రశ్నలు వేయకండి. కుర్చీ లాక్కుని కూర్చోండి. "ఎందుకు భయం" అని అసలు అడగొద్దు. "ఏం చేస్తున్నావో నాకూ వినిపించు, హెడ్‌ఫోన్స్‌లో కాదు, స్పీకర్లో" అనండి. అనుమానంగా చూస్తాడు. చూడనివ్వండి. అర్థం కాకపోతే అర్థం కాలేదనండి, కానీ "ఇంకోసారి వెయ్" అనండి. హాస్టల్ విషయం మొదటి రోజే తీయకండి, నాలుగు రోజులు పోయాక మీరే ఎత్తండి. అప్పుడు ఫోన్లో అలా అనడం నా తప్పురా అని ఒక్క ముక్కలో చెప్పండి. నీ మంచి కోసమే, ఆ రోజుల్లో అందరూ అలాగే చేర్పించారు అంటూ తోక తగిలించొద్దు.

కొన్నాళ్లు పోయాక, వాడు సరే అంటేనే, పాట నడుస్తుండగా పెద్ద లైటు తీసి బెడ్‌లైటు వేయండి. వారం తర్వాత అదీ తీసి తలుపు ఓరగా తెరిచి హాలు వెలుతురు చాలనుకోండి. తొందరేం లేదు. మీరు గదిలో ఉండే సమయం కూడా నెమ్మదిగా తగ్గించి, వరండాలోంచి మాట్లాడండి. మాటలేం దొరక్కపోతే ఆ రోజు కొట్లో ఎన్ని యూరియా బస్తాలు పోయాయో చెప్పండి. మా నాన్నకి దగ్గొక్కటే సరిపోయింది.

డాక్టరు మాట దాటేయడం లేదు. ఏడాది నిద్ర లేమి చిన్న విషయం కాదు కాబట్టి ఒకసారి సైకియాట్రిస్టుకి చూపించండి. వాణ్ని అడిగి తీసుకెళ్లండి, నెట్టుకెళ్లకండి. సంగీతం ఆపేశాక కూడా గొంతులు వినిపిస్తున్నాయన్నా, బతకాలని లేదన్నా, తిండి మానేసినా ఆ రోజే వెళ్లాలి. అర్ధరాత్రి అయితే 14416కి ఫోన్ చేయండి, అది ప్రభుత్వ టెలిమానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. తాయెత్తు ఉంచుకుంటాడో తీసేస్తాడో వాడి ఇష్టం. వాళ్లమ్మ కట్టించింది కదా, ఉంచుకుంటాడనే అనుకుంటున్నాను.

కీబోర్డు కొంటానన్న ఆయనకి ఫోన్ చేసి అమ్మడం లేదని చెప్పండి. మీవాడు వినేలా చెప్పండి.