పాడేవాడు పోయాక బ్యాండ్ నడపాలా, ఆపాలా?

మీ పంక్ బ్యాండ్‌లో పాడే కుర్రాడు చనిపోయాడు, ఇప్పుడు నడపాలా ఆపాలా, పేరు మార్చాలా అని అడిగారు. మాది పంక్ కాదు, అంటే వేగంగా, గోలగా వాయించే రాక్ కాదు. విజయనగరంలో పెళ్లిళ్లకీ, చవితి పందిళ్లకీ, జాతర్లకీ వాయించే ఆర్కెస్ట్రా. నేను ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తాను. మా మెయిన్ సింగర్ గుండెపోటుతో పోయాడు, అయినా ట్రూపు నడుస్తోంది. అందుకే నడపమనే అంటాను. కాకపోతే అచ్చం అతనిలా పాడేవాణ్ణి తెచ్చుకోకండి. మా దగ్గరికీ ఒకాయన్ని పంపారు. కళ్లు మూసుకుని వింటే మావాడే. జనానికి బాగా నచ్చింది గానీ, వెనకాల మాకే చెయ్యి ఆడలేదు.

చివరికి మా కీబోర్డ్ అబ్బాయే మైకు పట్టాడు. గొంతు అంతంతమాత్రం. శ్రుతి దించుకున్నాం, అంతే. అసలు చిక్కు పాట ముగించే దగ్గరొచ్చింది. ఆఖరి పల్లవి ఎన్నిసార్లు పాడాలో మావాడు జనాన్ని చూసి అప్పటికప్పుడు తేల్చేవాడు. భుజం నా వైపు తిప్పితే ఇంకోసారి, మైకు దించితే కట్. వాడు లేకుండా చేసిన మొదటి రిహార్సల్లో పల్లవి తిరుగుతూనే ఉంది, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయిస్తూనే ఉన్నాం. ఢోలక్ ఆయనకి విసుగొచ్చి "ఇక చాల్రా నాయనా" అన్నాడు. ఆ రోజు నుంచి కట్ ఇచ్చే పని నాది. మీ బ్యాండ్‌లోనూ ఇలాంటివి అతని ఒక్కడి దగ్గరే ఏమేం ఉండేవో ముందు చూసుకోండి.

పేరు సంగతి. ఇంగ్లండ్‌లో జాయ్ డివిజన్ అనే బ్యాండ్ గాయకుడు ఇయాన్ కర్టిస్ 1980 మేలో చనిపోయాడు. ఎవరు తప్పుకున్నా ఆ పేరు వాడకూడదని వాళ్లు ముందే అనుకున్నారు కాబట్టి న్యూ ఆర్డర్ అని పేరు మార్చుకున్నారు. గిటార్ వాయించే బెర్నార్డ్ సమ్నర్ పాడాడు. కర్టిస్ చివర్లో రాసిన ఓ పాటకి కాగితం దొరక్క, రిహార్సల్ టేపు వినే మాటలు పట్టుకున్నారు. మీ ఫోన్లలో ఉన్న రికార్డింగులన్నీ ఈ వారమే ఒకచోట చేర్చండి. అమెరికా పంక్ బ్యాండ్ ద గిట్స్‌లో పాడే మియా జపాటాని 1993లో చంపేస్తే, మిగతావాళ్లు రాక్ గాయని జోన్ జెట్‌తో కలిసి వేరే పేరుతో వాయించారు. అమెరికా రాక్ బ్యాండ్ లింకిన్ పార్క్ మాత్రం తమ గాయకుడు చెస్టర్ బెన్నింగ్టన్ పోయిన ఏడేళ్లకి, 2024లో, అదే పేరుతో ఎమిలీ ఆర్మ్‌స్ట్రాంగ్ అనే గాయనిని తెచ్చుకుంది. అతని గొంతుకి నకలు కోసం చూడకపోవడం నాకు నచ్చింది.

మీరు పాత పేరే ఉంచుకుంటానంటే అతని ఇంటివాళ్లని అడగండి. అతను రాసిన పాటలకి డబ్బొస్తే వాళ్ల వాటా ఎంతో కాగితం మీద పెట్టుకోండి. మా దగ్గర అడ్వాన్సు రాగానే ముందు మా సింగర్ ఇంటివాళ్ల భాగం తీసి పక్కన పెడతాం.

ఇంకొకటి, మొదటి ప్రోగ్రాంని సంస్మరణ సభ చేయకండి. స్టేజీ మీద ఫోటోకి దండేసి పంక్ మొదలుపెడితే, ముందు వరసలో ఉన్నవాళ్లకి ఎగరాలో కళ్లు తుడుచుకోవాలో తెలీదు.