లోక్‌సభలో తొలి ప్రశ్న వేయబోతున్న అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రశ్న చదివాను. అందులో ఆవేదన ఉంది, నిజం ఉంది, జనం మీద ప్రేమ ఉంది. ప్రశ్న మాత్రం లేదు. "మా ప్రాంతంలో ఇంటింటికీ కుళాయి పథకం ఘోరంగా విఫలమైన సంగతి మంత్రిగారి దృష్టికి వచ్చిందా, వస్తే ఏం చేశారు, ప్రజల గొంతు తడిసేదెప్పుడు" అని రాశావు. దీనికి జవాబు నేను నిద్రలో కూడా రాయగలను. ఉద్యోగమంతా కేంద్ర మంత్రిత్వ శాఖల్లో పార్లమెంటు ప్రశ్నలకు జవాబులు తయారుచేయడంలోనే గడిచింది కదా. "తాగునీరు రాష్ట్రాల పరిధిలోని అంశం. జల్ జీవన్ మిషన్ కింద కేంద్రం రాష్ట్రాలకు ఆర్థిక, సాంకేతిక సహాయం అందిస్తోంది" అని మొదలుపెట్టి, దేశం మొత్తం లెక్కలతో ఒక పట్టిక జతచేస్తాము. మంత్రిగారు చదువుతారు, నువ్వు కూర్చుంటావు, సభ తర్వాతి ప్రశ్నకు వెళ్తుంది.

నిజానికి అంతదాకా రావడం కూడా కష్టమే. లోక్‌సభ నియమావళిలో 41వ నియమం ఒకటుంది. ప్రమాణం చేసిన రోజున ఇచ్చిన పుస్తకాల కట్టలో ఉంటుంది, తీసి చదువు. ప్రశ్న 150 పదాలు దాటకూడదు. అందులో వాదన, వ్యంగ్యం, నింద, నువ్వు తేల్చేసిన నిర్ణయం ఉండకూడదు. మంత్రి అభిప్రాయం అడగకూడదు, ఊహాజనితమైన సంగతి అడగకూడదు. కోర్టు విచారణలో ఉన్నది, ఇదివరకే జవాబు వచ్చినది, మామూలు పత్రాల్లో దొరికేది అడిగినా తిరస్కరిస్తారు. "ఘోరంగా విఫలమైన" అన్నావు చూడు, అది నీ తీర్పు. "గొంతు తడిసేదెప్పుడు" అన్నది బహిరంగ సభలో చప్పట్లు తెచ్చే మాట. రెండూ కొట్టివేతకే పనికొస్తాయి. చాలామంది కొత్త సభ్యులు ఈ నియమాన్ని తమ నోరు నొక్కే ఏర్పాటుగా చూస్తారు. నా లెక్కలో అది ప్రశ్న వేసేవాళ్లకు ఉపకారమే. విశేషణాలు తీసేశాక మిగిలేది వాస్తవమే కాబట్టి, మంత్రి జవాబు చెప్పవలసింది కూడా దానికే.

నీ ప్రశ్నను నేనైతే ఇలా తిరగరాస్తాను:

(ఎ) ఫలానా జిల్లాలో జల్ జీవన్ మిషన్ కింద ఇంతవరకు ఇచ్చిన కుళాయి కనెక్షన్లు ఎన్ని;
(బి) వాటిలో మనిషికి రోజుకు 55 లీటర్ల చొప్పున నీరు అందుతున్నట్టు మంత్రిత్వ శాఖ చేయించిన చివరి మదింపులో తేలినవి ఎన్ని;
(సి) ఆ మదింపు ఎప్పుడు, ఎవరిచేత జరిగింది;
(డి) నీరు అందడం లేదని తేలిన కనెక్షన్లను పూర్తయినవాటి లెక్కలోంచి తొలగించారా, లేకపోతే కారణాలు ఏమిటి;
(ఇ) గత మూడేళ్లలో రాష్ట్రానికి ఏటా కేటాయించిన, విడుదల చేసిన, ఖర్చయిన కేంద్ర నిధులు ఎంత?

ఇందులో ఒక్క కోపపు మాట కూడా లేదు. అయినా నా బల్ల మీదికి ఇలాంటిది వచ్చిందంటే ఆ రోజు ఇంటికి ఆలస్యంగా వెళ్లాల్సి వచ్చేది. ఎందుకో చెబుతాను. 2019లో ఈ పథకం మొదలుపెట్టినప్పుడు పనిచేసే కుళాయి అంటే ఏమిటో కేంద్రమే నిర్వచించింది. రోజుకు తలకు 55 లీటర్లు, నిర్దేశించిన నాణ్యతతో, క్రమం తప్పకుండా రావాలి. గోడకు కుళాయి బిగిస్తే సరిపోదు. ప్రభుత్వ పట్టికల్లో మొదట కనిపించేది బిగించిన కుళాయిల సంఖ్య. నువ్వు అడిగేది నీళ్లు వస్తున్నవాటి సంఖ్య. ప్రమాణం కేంద్రానిది, మదింపు కేంద్రం చేయించినది, డబ్బులో వాటా కేంద్రానిది. ఇక "రాష్ట్రాల అంశం" అన్న గొడుగు కిందికి చేరడానికి చోటు ఎక్కడిది?

మరొక కిటుకు చెబుతాను, ఇది జవాబులు రాసేవాళ్లకే బాగా తెలిసినది. ఇబ్బందిపెట్టే ముక్క ఒకటుంటే, "(ఎ) నుంచి (ఇ) వరకు" అని అన్నిటినీ కలిపి ఒకే పేరాగా జవాబు రాస్తాము. నాలుగింటికి పుష్కలంగా సమాచారం ఉంటుంది, అయిదోది ఆ వరదలో కొట్టుకుపోతుంది. పై ప్రశ్నలో మునిగిపోయేది (డి) అని ఇప్పుడే పందెం కాస్తాను. కాబట్టి జవాబు చేతికి రాగానే ఎరుపు పెన్ను తీసుకుని ఏ భాగానికి జవాబు ఎక్కడుందో అంచున గుర్తుపెట్టుకో. గుర్తు పడని అక్షరమే నీ అనుబంధ ప్రశ్న, అంటే మంత్రి జవాబు విన్నాక సభలో అక్కడికక్కడే అడిగేది.

ఇక నక్షత్రం సంగతి. నక్షత్ర గుర్తు వేస్తే మంత్రి సభలో నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు అడగవచ్చు. గుర్తు లేనివాటికి రాతపూర్వక జవాబు సభ ముందు ఉంచుతారు, అంతటితో సరి. లోక్‌సభలో రోజుకు నక్షత్ర ప్రశ్నలు 20, గుర్తు లేనివి 230 వరకు జాబితాలోకి వస్తాయి. క్రమం లాటరీలో తేలుతుంది. ఒక్క రోజుకు ఒక్క సభ్యుడి పేరున నక్షత్ర ప్రశ్న ఒకటికి మించదు. ఆ ఇరవైలో కూడా ప్రశ్నోత్తరాల గంటలో నోటిదాకా వచ్చేవి మొదటి అయిదారే, మిగిలినవి రాతజవాబుల్లో కలిసిపోతాయి. అందుకని అందరూ నక్షత్రం కోసం ఎగబడతారు. నువ్వు ఆ తొందర పడకు. మొదటి సమావేశాల్లో గుర్తు లేని ప్రశ్నలతో లెక్కలు రాబట్టు. లోక్‌సభ వెబ్‌సైటులో పాత జవాబులన్నీ ఉన్నాయి, వాటినీ వెతుకు. ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ నివేదిక, ఆ శాఖ నిధుల మీద పార్లమెంటు స్థాయీ సంఘం ఇచ్చిన నివేదిక పక్కన పెట్టుకో. మంత్రి తానిచ్చిన అంకెతోనే తాను తలపడాల్సి వచ్చే పరిస్థితి తయారయ్యాక నక్షత్రం వెయ్యి.

ఆ రోజు పదకొండు గంటలకు సభలో నీ పేరు పిలిచారనుకో. మంత్రి లేచి "వివరాల ప్రకటన సభ ముందు ఉంచాను" అని ఒక్క వాక్యంతో కూర్చుంటారు. అక్కడినుంచి నీ వంతు. ప్రశ్న వేసిన సభ్యురాలిగా సాధారణంగా నీకు రెండు అనుబంధ ప్రశ్నలకు అవకాశం దొరుకుతుంది. ఆ తర్వాత స్పీకర్ పిలిచిన ఇతరులు అడుగుతారు. అధికారుల గ్యాలరీలో మావాళ్లు అనుబంధ ప్రశ్నల కోసం లావుపాటి నోట్ పట్టుకుని కూర్చుని ఉంటారు, మంత్రికి చీటీలు పంపుతుంటారు. ఉపన్యాసం ఇచ్చే సభ్యుణ్ణి చూస్తే మాకు ప్రాణం లేచివచ్చేది. ఆయన మాట్లాడినంతసేపూ మాకు సమయం దొరుకుతుంది, పైగా ఆ ఉపన్యాసంలో ఎక్కడో ఒకచోట సులువైన ముక్క ఉంటుంది, మంత్రి దానికే జవాబు చెబుతారు. మూడు ప్రశ్నలు కలిపి అడిగినా అంతే. ఒక్కటే అడుగు, రెండు వాక్యాల్లో ముగించు.

రెండో అనుబంధ ప్రశ్న ముందే రాసుకుని వెళ్లే అలవాటు కొందరికి ఉంది. నాకు నచ్చదు. మొదటిదానికి మంత్రి ఏమన్నారో చెవులు రిక్కించి విను. "రాష్ట్రం నివేదించిన సమాచారం ప్రకారం" అని అంటారు చూడు, అక్కడ పట్టుకో. "రాష్ట్రం చెప్పింది సరే, కేంద్రం స్వయంగా ఎన్ని గ్రామాల్లో సరిచూసింది?" దానికి నోట్‌లో అంకె ఉంటే చెబుతారు, లేకపోతే "సమాచారం సేకరించి సభ్యురాలికి పంపుతాను" అంటారు. అలా అన్నందుకు నిరాశపడి కూర్చోకు. పంట పండిందనుకో.

ఈ పంట సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది సభ్యులు ఇక్కడే చేతులు దులుపుకుంటారు. సభలో మంత్రి "పరిశీలిస్తాను", "సమాచారం సేకరిస్తున్నాము, సభ ముందు ఉంచుతాము" అన్నారంటే అది హామీగా నమోదవుతుంది. లోక్‌సభలో ప్రభుత్వ హామీల కమిటీ 1953 నుంచి ఉంది. పదిహేనుమంది సభ్యులు, మంత్రులకు చోటు లేదు. హామీని మూడు నెలల్లో నెరవేర్చాలి, లేకపోతే గడువు పెంచమని కమిటీని అడగాలి, ఎందుకు ఆలస్యమైందో అధికారులు వచ్చి చెప్పుకోవాలి. మా సెక్షన్లలో అసలు భయం సభ గురించి కాదు, ఈ కమిటీ గురించే. అందుకే జవాబులో హామీ వాసన రాకుండా మాటలు ఏరుకునేవాళ్లం. "ఇది నిరంతర ప్రక్రియ" అనే వాక్యం నీకు వందసార్లు కనిపిస్తుంది. దాన్ని హామీగా ఎవరూ పట్టుకోలేరు, అందుకే అంత ప్రియమైనది. ఆ వాక్యం వినపడగానే "ఈ ఏడాదికి పెట్టుకున్న లక్ష్యం ఎంత, తేదీ ఏది" అని అడిగేయి. హామీ వస్తే తేదీతో సహా డైరీలో రాసుకుని, మూడు నెలలు కాగానే కమిటీకి ఉత్తరం రాయి.

జవాబు బొత్తిగా చాలకపోతే 55వ నియమం కింద అరగంట చర్చకు నోటీసు ఇవ్వవచ్చు. సోమ, బుధ, శుక్రవారాల్లో సభ చివరి అరగంట. మూడు రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఓటింగు ఉండదు. అన్నిటికీ దొరకదు, దొరికినప్పుడు వదలకు. జవాబులో అంకె తప్పని నీ దగ్గర కాగితం ఉంటే వెంటనే సభా హక్కుల ఉల్లంఘన అని కేకలు వేయకు. కావాలనే తప్పుదోవ పట్టించారని రుజువు చేయడం అంత తేలిక కాదు. స్పీకర్ ఆదేశాల్లో 115వది చదివి, ఆధారాలతో స్పీకర్‌కు రాయి. మంత్రి సభలో నిలబడి తన జవాబు దిద్దుకోవాల్సి వస్తే అంతకంటే ఏం కావాలి?

నువ్వు పాలక పక్షంలో ఉన్నావు కాబట్టి ఇబ్బందిపెట్టే ప్రశ్న అడగవచ్చా అని ఫోనులో నసిగావు. విప్, అంటే పార్టీ ఆదేశం, నిన్ను కట్టేసేది ఓటు దగ్గర. ఫిరాయింపుల చట్టంలో ప్రశ్నల ఊసే లేదు. రాజ్యాంగం 75వ అధికరణం మంత్రిమండలి లోక్‌సభకు సమష్టిగా బాధ్యత వహించాలన్నది. అంటే నీకు కూడా. 1957లో ప్రభుత్వ జీవిత బీమా సంస్థ వ్యాపారి హరిదాస్ ముంద్రా కంపెనీల్లో కోటీ పాతిక లక్షల రూపాయల దాకా పెట్టిన వ్యవహారం మీద మొదట ప్రశ్న వేసిన రామ్ సుభగ్ సింగ్, ఆ డిసెంబరులో సభలో కడిగేసిన ఫిరోజ్ గాంధీ ఇద్దరూ కాంగ్రెస్ సభ్యులే. ప్రభుత్వమూ కాంగ్రెస్‌దే. దాని మీద వేసిన ఛాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. ఫిరోజ్ గాంధీ ప్రధానికి అల్లుడు కూడా. నీకు మీ నాయకుడు చుట్టమైనా కాదు, మరీ అంత మొహమాటం దేనికి? అయితే మర్యాద ఒకటుంది. నోటీసు ఇచ్చాక మంత్రిని కలిసి, ఫలానా సంగతి అడుగుతున్నాను, అంకెలు తెప్పించి పెట్టుకోండి అని చెబితే తప్పులేదు. ప్రశ్న వెనక్కి తీసుకోమంటే మాత్రం నవ్వి ఊరుకో.

నీ ఆఫీసుకు ఎవరో ఒకరు చక్కగా టైపు చేసిన ప్రశ్న పట్టుకొస్తారు. భాష బాగుంటుంది, నియమాలన్నీ పాటించి ఉంటుంది. ఏ కంపెనీకి పోటీదారు ఎవరో, ఏ టెండరు ఎక్కడ ఆగిందో తెలుసుకోకుండా దాని మీద సంతకం పెట్టకు. 1951లో పార్లమెంటు సభ్యుడు ముద్గల్ సభ్యత్వం పోగొట్టుకునే దాకా వచ్చి రాజీనామా చేసింది ఇలాంటి డబ్బు వ్యవహారంలోనే. 2005 డిసెంబరులో ప్రశ్నలకు డబ్బు తీసుకున్నారని ఉభయ సభల్లో కలిపి 11 మందిని బహిష్కరించారు. ప్రశ్నలు పంపే పోర్టల్ పాస్‌వర్డు పీఏ చేతికి కూడా ఇవ్వకు. ప్రశ్న నీ పేరున వెళ్తుంది కాబట్టి ప్రతి అక్షరం నువ్వే చూడాలి.

ప్రశ్న జాబితాలో ఉన్న రోజున సభలో ఉండు. ఇంత చిన్న మాట ఎందుకంటావేమో. 2009 నవంబరులో ఒక రోజు ప్రశ్నలు వేసినవాళ్లు వరుసగా లేకపోవడంతో ప్రశ్నోత్తరాల సమయం మధ్యలోనే ముగిసిపోయింది. ఆ తర్వాత సభ్యుడు లేకపోయినా మంత్రి జవాబు చెప్పేలా నియమం మార్చారు, నువ్వు లేకుండా వచ్చిన జవాబు మాత్రం నీకు ఉపయోగపడదు. ఈ హక్కు ఊరికే రాలేదు. వలస పాలనలో 1892 చట్టంతో మొదట ప్రశ్న అడిగే వీలు వచ్చింది, అనుబంధ ప్రశ్న కోసం 1909 దాకా ఆగాల్సి వచ్చింది. 1893లో తొలి ప్రశ్న వేసిన భింగా రాజా అడిగింది, పర్యటనకు వచ్చే అధికారులకు సరుకులు సమకూర్చలేక పల్లె దుకాణదారులు పడుతున్న పాట్ల గురించి. నాకు ఆ ప్రశ్న చాలా ఇష్టం.

ఇప్పుడు పని. మంత్రిత్వ శాఖలను అయిదు బృందాలుగా చేసి వారంలో ఒక్కో బృందానికి ఒక్కో రోజు కేటాయిస్తారు. జల్ జీవన్ మిషన్‌ను చూసే జలశక్తి శాఖ ఏ రోజున పడిందో సమావేశాల పట్టికలో చూడు. అక్కడినుంచి వెనక్కి 15 పూర్తి రోజులు లెక్కపెట్టు, నోటీసు ఇచ్చిన రోజూ జవాబు రోజూ ఆ లెక్కలోకి రావు. (సి) భాగంలో "ఎవరిచేత" అన్నదాన్ని మాత్రం వదలకు. మార్చిన ప్రశ్న శనివారంలోగా నాకు పంపు, ఆదివారం ఫోను చేస్తాను.

పెదనాన్న