చంటిపాపకి మెత్తటి పరుపు వద్దు

ప్రశ్న: మా పాపకి ఏడో నెల. బోర్లా పడుతోంది కానీ మళ్లీ వెల్లకిలా తిరగడం ఇంకా రాలేదు. ఇప్పుడున్న పరుపు బాగా గట్టిది, దాని మీద పడుకుంటే పాపకి ఒళ్లు నొప్పులు వస్తాయని మా అత్తగారు మెమరీ ఫోమ్ కొనమంటున్నారు. మా ఆడపడుచేమో వాళ్ల బాబు వాడిన పరుపు ఇస్తానంటోంది. ఏది నయం?

జవాబు: మీరు ఇప్పుడు వాడుతున్నదే నయం. ఆ రెండూ వద్దు.

మెమరీ ఫోమ్ ఒంటి వేడికి మెత్తబడి, పడుకున్న మనిషి ఆకారానికి గుంట పడుతుంది. పెద్దవాళ్లకి అదే సుఖం, దాని కోసమే అంత డబ్బు పోస్తారు. కానీ బోర్లా పడటం వచ్చి, తిరిగి తిరగడం రాని పాప ముఖం ఆ గుంటలోకి దిగితే ముక్కు చుట్టూ గాలి ఆడదు, తను వదిలిన గాలినే తను మళ్లీ పీలుస్తుంది, అంటే ఆక్సిజన్ తగ్గుతూ కార్బన్ డయాక్సైడ్ పెరుగుతూ పోతుంది. అంత చిన్న వయసులో తల ఎత్తి పక్కకి తిప్పుకోగలదని నమ్మకం పెట్టుకోలేం. ఏడుపు కూడా వినపడకపోవచ్చు, అసలు భయం అక్కడే. అందుకే ఏడాది నిండేదాకా పరుపు గట్టిగా, చదునుగా ఉండాలని, పాపని ప్రతిసారీ వెల్లకిలానే పడుకోబెట్టాలని అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ (అక్కడి పిల్లల డాక్టర్ల సంఘం) లాంటి సంస్థలు అంత గట్టిగా చెబుతాయి. అమెరికాలో 1994లో ఈ వెల్లకిలా పడుకోబెట్టే ప్రచారం మొదలయ్యాక, నిద్రలో హఠాత్తుగా జరిగే శిశు మరణాలు కొన్నేళ్లలోనే సగానికి సగం తగ్గాయి.

ఒళ్లు నొప్పుల గురించి టెన్షన్ పడకండి. మనకి గట్టిగా అనిపించేది మన బరువు వల్ల, మన నడుము వంపు వల్ల. ఏడెనిమిది కిలోల పాపకి ఆ బాధ లేదు. అత్తగారితో వాదన పెట్టుకునే బదులు రెండు పరుపులనీ ఆవిడ చేతే అరచేత్తో గట్టిగా నొక్కించి వదలమనండి. మంచి పరుపు చెయ్యి తీసిన వెంటనే పైకి లేస్తుంది, మెమరీ ఫోమ్ మీద వేళ్ల అచ్చు కాసేపు అలాగే ఉండిపోతుంది. ఆ అచ్చు ఉన్న చోట పాప ముక్కు ఉందనుకోమని చెప్తే చాలు, ఇంకేం చెప్పక్కర్లేదు.

ఆడపడుచు గారి పరుపు విషయానికొస్తే, మొహమాటపడకుండా కాదనండి. కొన్నాళ్లు వాడిన పరుపు మధ్యలో దిగిపోతుంది, తడి లోపలికి పోయి బూజు పట్టినా పైకి తెలియదు. వేరే ఇంట్లో వాడిన పరుపు మీద పడుకునే శిశువుల్లో ఇలాంటి మరణాలు ఎక్కువగా కనిపించాయని స్కాట్లాండ్‌లో జరిపిన ఒక అధ్యయనం 2002లో వచ్చింది. పరుపే కారణమని అది తేల్చలేదు, అయినా తెలిసి తెలిసి రిస్క్ ఎందుకు?

పరుపుకీ తొట్టి అంచుకీ మధ్య సందు కూడా చూడండి. రెండు వేళ్ల కంటే ఎక్కువ పడితే ఆ పరుపు ఆ తొట్టిది కాదు, పాప అందులోకి జారి ఇరుక్కోవచ్చు. సందులో దుప్పటి కుక్కడం, గట్టి పరుపు మీద ఇంకో మెత్తటిది వేయడం రెండూ తప్పే. పైన బిగుతుగా పట్టే పక్క గుడ్డ ఒక్కటే. దిండు, బొంత, బొమ్మలు, తొట్టి చుట్టూ కట్టే మెత్తలు ఏవీ అక్కర్లేదు. షాపులో సెట్ అని అన్నీ కలిపి అంటగడతారు, పాపకి కావాల్సింది మాత్రం అందులో పరుపు ఒక్కటే.

ప్రశ్న: మా బాబుకి నాలుగేళ్లు, సొంత మంచం కావాలని గొడవ. షాపుల్లో ఒకరు ఆర్థోపెడిక్ అంటారు, ఒకరు 40 డెన్సిటీ కాబట్టి గట్టిదంటారు. ఏం చూసి కొనాలి?

జవాబు: ఆర్థోపెడిక్ అన్న మాటకి అందరూ పాటించాల్సిన ఒక ప్రమాణం అంటూ లేదు, ఎవరైనా అచ్చు వేసుకోవచ్చు. డెన్సిటీ అంటే ఒక ఘనపు మీటరు ఫోమ్ ఎన్ని కిలోలు తూగుతుందన్న లెక్క. అది ఎక్కువుంటే మామూలుగా పరుపు ఎక్కువ కాలం మన్నుతుంది, త్వరగా దిగిపోదు. గట్టిదనం వేరే సంగతి, 40 డెన్సిటీలో మెత్తటి ఫోమూ ఉంటుంది.

బాబుని వెంట తీసుకెళ్లి, చెప్పులు విప్పించి పక్కకి తిరిగి పడుకోమనండి. మీరు వీపు వైపు నిలబడి చూడండి. మెడ దగ్గర్నుంచి నడుము కింది దాకా వెన్ను దాదాపు ఒకే గీతలో ఉంటే ఆ పరుపు వాడికి సరిపోయినట్టే. తుంటి కిందికి దిగిపోతే మరీ మెత్తన, భుజం నలిగినట్టు పైకి లేస్తే మరీ గట్టి. ఆ బరువుకి నాలుగు నుంచి ఆరు అంగుళాల మందం సరిపోతుందని నా అభిప్రాయం, ఎనిమిది, పది అంగుళాలవి ఇంత చిన్నవాడికి డబ్బు దండగ, పైగా మంచం ఎత్తు పెరిగి కింద పడితే దెబ్బ కూడా ఎక్కువ తగులుతుంది. కాయిర్, ఫోమ్, లేటెక్స్, స్ప్రింగ్ ఏదైనా ఫర్వాలేదు (లేటెక్స్ పడని పిల్లలు కొందరుంటారు, ఆ సంగతి ముందే తెలిస్తే దాని జోలికి పోకండి). దూది పరుపైతే ఎండలో వేస్తూ, ఉండలు కట్టినప్పుడు ఏకించుకునే ఓపిక ఉండాలి.

కొత్త ఫోమ్ వాసన వస్తుంది. పైన చుట్టిన ప్యాకింగ్ కవరు తీసి, కిటికీలు తెరిచిన గదిలో వాసన పోయేదాకా ఉంచి ఆ తర్వాతే పక్క వేయండి. ఓకో-టెక్స్ స్టాండర్డ్ 100 (హాని చేసే రసాయనాల కోసం పరీక్షించారని చెప్పేది) లాంటి గుర్తు ఉంటే మంచిదే, కాకపోతే లేబుల్ మీది నంబరు ఆ సంస్థ వెబ్‌సైట్‌లో వెతికి చూడండి, బొమ్మ అచ్చు వేయడానికి ఏముంది! ఇంకోటి, పరుపుకి తొడిగిన గుడ్డ కవరు విప్పొద్దని లేబుల్ మీద రాసి ఉంటే జిప్పు ఉన్నా సరే విప్పకండి. కొన్ని మెమరీ ఫోమ్ పరుపుల్లో మంట అంటుకోకుండా లోపల ఫైబర్‌గ్లాస్ (గాజు పీచు) పొర పెడతారు. అది బయటికొస్తే సన్నటి నూగులా గదంతా పరుచుకుంటుంది, ఒళ్లు దురద, కళ్ల మంట, శుభ్రం చేయడం నరకం.

ప్రశ్న: పిల్లలిద్దరికీ (ఏడేళ్లు, నాలుగేళ్లు) అంతస్తుల మంచం కొన్నాం. పైన ఎవరిని పడుకోబెట్టాలి? మందం పరుపు వేయొచ్చా?

జవాబు: పిల్లల్లో పెద్దవాళ్లే పైన. ఆరేళ్ల లోపు పిల్లలకి పై మంచం వద్దు, ఎంత ఏడ్చినా సరే. పరుపు మాత్రం పల్చటిది తీసుకోండి, ఎందుకంటే పరుపు వేశాక కూడా పక్కన రక్షణగా ఉండే కమ్మీ కనీసం ఐదు అంగుళాలు పైకి కనపడాలి. చాలామంది మంచం కొని, సుఖం కోసం లావుపాటి పరుపు వేసి, ఆ కమ్మీని ఉత్తుత్తిదాన్ని చేసేస్తారు. టేపు పెట్టి కొలిచి కొనండి.

ప్రశ్న: మా అమ్మాయికి ఐదేళ్లు, ఇంకా అప్పుడప్పుడు పక్క తడుపుతుంది. పొద్దున్న లేవగానే వరస తుమ్ములు. పరుపు మార్చేయాలా?

జవాబు: ఐదేళ్లకి పక్క తడపడం మామూలే, దాని కోసం తిట్టకండి. పరుపు మీద నీళ్లు దిగని, అంచులకి బిగుతుగా పట్టే కవరు వేయండి. ప్లాస్టిక్ షీట్ ఊరికే పరచకండి, అది జారి ముఖం మీదికి రావచ్చు. తుమ్ములకి పరుపులో చేరే డస్ట్ మైట్స్ (కంటికి కనపడనంత చిన్న పురుగులు) కారణం కావచ్చు. పక్క గుడ్డలు, దిండు గలీబులు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో ఉతికి, పరుపు మొత్తానికి జిప్పు కవరు తొడిగి కొన్ని వారాలు చూడండి. తగ్గకపోతే పరుపు మార్చే ముందు పిల్లల డాక్టరుకి చూపించండి.