మంద ఒకటే, యజమానులు ఇద్దరు

ప్రశ్న: డాక్టరు గారూ, మాది కల్వకుర్తి దగ్గర పల్లె. దుందుభి వాగు పక్కన ఒక రైతు చేనులో మంద నిలిపాం. రాత్రికి రాత్రి వాగు పొంగి 41 గొర్రెలు చనిపోయాయి. వాటిలో 14 మా మరిదివి. ఆయన వేరు పడి ఏడేళ్లయింది, మందను మాత్రం కలిపే తోలుకుంటాం. లెక్క రాసుకున్నవారు అన్నీ మా ఆయన పేరునే రాశారు. ఇప్పుడు 30 గొర్రెలకే డబ్బు వస్తుందంటున్నారు. నిజమేనా? వాసనకు తట్టుకోలేక రెండో రోజే పూడ్చేశాం.
— ఒక గొర్రెల కాపరి భార్య

జవాబు: అమ్మా, 30 మాట నిజమే. కేంద్రం 2022లో సవరించిన విపత్తు సహాయ ప్రమాణాల్లో గొర్రెకు 4,000 రూపాయలు, పాడి గేదెకు 37,500. 2024 సెప్టెంబరు వరదలప్పుడు మన రాష్ట్రం గొర్రెకు 5,000 ప్రకటించింది. కేంద్రం లెక్కలో ఒక కుటుంబానికి గొర్రెలు, మేకలైతే 30, గేదెలైతే 3 దాటి ఎన్ని పోయినా పైసా రాదు. ఈ హద్దు గీసినవారు పాలమూరు మందను కంటితో చూసి ఉండరు. వంద జీవాలైనా లేనిదాన్ని మన వైపు మంద అని ఎవరంటారు?

అయితే మీకు అడ్డుపడింది ఆ హద్దు కాదు, కాగితం. పరిమితి కుటుంబానికే గాని మందకు కాదు. మీవి 27, మరిదివి 14. ఎవరి లెక్కా 30 దాటలేదు. రెండు రేషన్ కార్డులూ పట్టుకుని ఇద్దరూ విడివిడిగా తహసీల్దారుకు అర్జీ ఇవ్వండి. పశువైద్యుడి ధ్రువీకరణ కూడా రెండు పేర్లతో అడగండి.

ఎవరివేవో ఎలా చూపాలంటారా? ఉద్యోగంలో ఉండగా ఒకసారి డిండి దిగువన తుమ్మకంపలో చిక్కిన కళేబరాలను లెక్కపెట్టాను. బురదలో ఉబ్బిపోయి నల్ల గొర్రో ఎర్ర గొర్రో కూడా నాకు తెలియలేదు. వాటి యజమాని, ముసలాయన, వంగి ఒక్కోదాని చెవి తడుముతూ ‘ఇది నాది, ఇది మా అన్నది’ అంటూ వెళ్లాడు. ఆయనవాటికి ఎడమ చెవి కొసన గంటు, అన్నవాటికి కుడి చెవికి చీలిక. ఆ గుర్తులనే పంచనామాలో రాయించాను. మీ మందలో మిగిలినవాటికీ అలాంటి గుర్తులు ఉండే ఉంటాయి, తీసుకెళ్లి చూపించండి. పూడ్చేముందు ఎవరైనా ఫోనులో ఫోటోలు తీశారేమో ఊరంతా అడగండి. గొయ్యి తవ్విన మనుషుల సంతకాలూ పనికొస్తాయి.

గొర్రె పిల్లల విషయంలో పేచీ రావచ్చు. ఫలసాయమిచ్చే జీవాలకే సాయమని ఆ ప్రమాణాల్లో ఉంది. అలాగని పాలు తాగే పిల్లను పెద్ద గొర్రెగా రాయించకండి. ఒక్క అబద్ధం పట్టుబడితే మిగతా నలభైనీ అనుమానంగా చూస్తారు. అత్తగారి పేరున మూడో అర్జీ పెట్టమని సలహా ఇచ్చేవారూ ఉంటారు, వాళ్లను గుమ్మంలోనే ఆపండి.

ఇంతకీ ఆ గొయ్యిలో సున్నం వేశారా? వేయకపోతే పైన మట్టి ఎత్తుగా పోయించి, చుట్టూ కంప కొట్టించండి. తడి మట్టిని కుక్కలు ఒక్క రాత్రిలో తవ్వేస్తాయి.